కడలి కలువ కాడ పూసలెందుకైంది

ఒకప్పుడు సముద్రం ఇప్పుడున్నచోట ఉండేది కాదు. ఇప్పుడు మేకలు మేస్తున్న చుక్కకొండ ఉంది చూశారా, దాని మొదట్లో ఉండేది. కొండ కాళ్లు కడుగుతూ, పొద్దస్తమానం ఏదో ఒకటి వాగుతూ ఉండేది. ఇవాళ ఆ కొండెక్కి చూస్తే కనుచూపు మేరలో చెంబుడు నీళ్లు కనిపించవు. నమ్మకపోతే మానెయ్యండి, నాకేం నష్టం లేదు. కానీ ఆ కొండరాళ్లలో గవ్వలున్నాయి. గవ్వలు నడిచి కొండెక్కవు కదా.

ఆ సముద్రంలో ఒడ్డుకు దగ్గరగా, మెడలోతు నీళ్లలో కడలి కలువల తోట ఒకటి ఉండేది. పేరుకు కలువలే గాని అవి పువ్వులు కావు, ప్రాణులు. రేకుల్లా కనిపించేవి వాటి చేతులు. ఒక్కోదానికి పది చేతులు. ఆ చేతులు నీళ్లలో చాచి, కొట్టుకొచ్చే నలుసుల్ని ఏరుకుని తినేవి.

చేతుల కింద ఒక కాడ. ఆ రోజుల్లో ఆ కాడ అతుకు లేకుండా, చిల్లు లేకుండా, పేము బెత్తంలా ఒకే ముక్కగా ఉండేది. దాని వేరు అడుగున రాయిని కరుచుకుని ఉండేది. పుట్టినచోటే బతుకు, బతికినచోటే చావు. అందుకు అవి బాధపడేవి కావు. సముద్రమే ఇంటికొచ్చి నోట్లో పెడుతుంటే ఎవరు మాత్రం ఎక్కడికి పోతారు?

ఒడ్డున జాలరుల పేట. ముప్పై గుడిసెలు. అందులో ఒకటి కాసులమ్మది. కాసులమ్మ గవ్వలకు చిల్లులు పొడిచే మనిషి. చేతిలో బరమా, ముందు గవ్వల కుప్ప. పేటలో ఆడవాళ్లందరికీ ఆమే పూసలు చేసిపెట్టేది. ఆ పూసలు సింగారానికి కాదు, వాటికి వేరే పని ఉండేది.

మగవాడు పడవెక్కి వేటకు పోయిన రోజున ఇంటి ఆడది మెడలో ఒక దారం కట్టుకునేది. దాన్ని ఎదురుదారం అనేవారు. అయిదు పోగులు పేనిన దారం అది. నాలుగు దిక్కులకు నాలుగు పోగులు, ఇంటికి ఒకటి. రోజుకో పూస గుచ్చాలి. మనిషి తిరిగొచ్చాక అతనే తన చేత్తో ముడి విప్పి, పూసలన్నీ సముద్రంలోకి జార్చాలి. విప్పాలే గాని తెంపకూడదు. దారం తెగితే దూరాన ఉన్నవాడి ప్రాణం తెగుతుందని వాళ్ల నమ్మకం. అందుకే ఎదురుదారం మెడలో ఉన్నన్నాళ్లు ఆడది కత్తి ముట్టేది కాదు, దేన్నీ కోసేది కాదు. ఆమె ఇంటి చేపను పక్కింటివాళ్లు కోసి పెట్టాల్సిందే.

శవం వస్తే దారం శవంతోపాటే పోయేది. మనిషీ రాక, శవమూ రాకపోతే ఏం చెయ్యాలో మాత్రం పెద్దలెవరూ చెప్పలేదు. అలాంటివి ముందుగా మాట్లాడుకునే ధైర్యం ఎవరికుంటుంది?

కాసులమ్మ మొగుడు పోలయ్య అలాగే రాలేదు. పోయి నూరు రోజులు దాటింది. ఆమె మెడలో దారం నాలుగు పేటలైంది, పూసల బరువుకి మెడ వంగింది. పేటలో ఎవరూ ఆమె ముందు పోలయ్య మాట ఎత్తడం లేదు. అత్త బంగారమ్మ మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి, కోడలి మెడలో పూసలు వేలితో తడిమి, దారం గట్టిగా ఉందో లేదో చూసుకుని వెళ్లేది.

ఇలా ఉండగా ఒకనాడు సముద్రం జానెడు వెనక్కి జరిగింది. మర్నాడు మరో జానెడు. వారం తిరిగేసరికి జానెడు మూరైంది, మూర బారైంది.

సంగతేమిటని చేపలడిగాయి. నేల కిందినుంచి పైకి లేస్తోందనీ, తనను గెంటేస్తోందనీ, ఉందామన్నా తనకు చోటు లేదనీ సముద్రం చెప్పింది. తోకలున్నవాళ్లు, కాళ్లున్నవాళ్లు తన వెంట రావచ్చంది.

“మరి ఏమీ లేనివాళ్లో?” అని కలువలు అడిగాయి.

సముద్రం ఒక పెద్ద అలను ఎత్తి రాళ్లకేసి కొట్టింది. జవాబు తెలియని పెద్దవాళ్లు గట్టిగా చప్పుడు చెయ్యడం అప్పుడూ ఉంది.

చేపలు ముందు పోయాయి. నత్తలు ఇల్లు నెత్తిన పెట్టుకుని పోయాయి. పీత కూడా బయల్దేరింది గాని పక్కకు నడుస్తోంది కాబట్టి ఎటు పోతోందో చూసేవాళ్లకు అర్థం కాలేదు. ఆఖరికి పేటవాళ్లు కూడా పడవలు భుజానికెత్తుకుని, చట్టీ కుండా సర్దుకుని, నీళ్ల వెంట నడిచారు. జాలరికి సముద్రం లేని ఒడ్డెందుకు?

కాసులమ్మ మూట కట్టుకుంటే బంగారమ్మ వచ్చి మూట విప్పేసింది. తను ముసలిది, ఒంటరిగా ఉండలేదు, పోక తప్పదంది. కానీ కొడుకు వస్తే పాత గుడిసెకే వస్తాడు, తలుపు తీసే మనిషి ఉండాలంది.

“నువ్వుండే కాసులూ,” అంది. “దారం జాగర్త. నా కొడుకు పేణం నీ మెడలో ఉన్నాది.”

కాసులమ్మ ఉండిపోయింది. ముప్పై గుడిసెల్లో ఇరవై తొమ్మిది ఖాళీ. చేపల కంపు కూడా నాలుగు రోజుల్లో పోయింది. మాట్లాడే దిక్కు లేక ఆమె రోజూ కలువల తోటలోకి దిగి నిలబడేది. మెడలోతు నీళ్లు ఇప్పుడు నడుములోతైనాయి. కలువల తలలు పైకి తేలి, ఎండకు చేతులు ముడుచుకుంటున్నాయి.

అప్పుడు తోటలో అందరికంటే పెద్ద కలువ ఆమెను పిలిచింది.

“కాసులమ్మా, మా కాడలు కోసెయ్యి. వేరు వదలడం మాకు చేతకాదు. కాడ తెగితే తల తేలుతుంది. పది చేతులున్నాయి, ఎలాగో ఈదుకుంటూ పోతాం.”

కాసులమ్మ చెయ్యి తనకు తెలియకుండానే మెడమీదికి పోయింది. దారం మెడలో ఉండగా కత్తి పట్టకూడదని, ఎదురుచూసే ఇంట్లో ఏదీ తెగకూడదని చెప్పింది. చెబుతుంటే సిగ్గేసింది. ఎదుట నిలబడి చావబోతున్నవాళ్లకి ఆచారం చెప్పడం ఏమంత బాగుంటుంది? అయినా ఆమెకు భయం. ఎక్కడో ఏ తెప్ప చెక్కనో పట్టుకుని పోలయ్య బతికుంటే? తను ఇక్కడ ఒక్క కోత కోస్తే అక్కడ అతని చెయ్యి జారితే?

ఆ రోజంతా ఆలోచించింది. చివరికి ఆమెకొక ఉపాయం తోచింది. తనకు కొయ్యకుండా పని చెయ్యడం వచ్చు. కాడను గీతలు గీసి పూసలు పూసలుగా చేస్తుంది. పూస పూసకీ నడిమధ్య చిల్లు పొడుస్తుంది. దారం గుచ్చుతుంది. అప్పుడు కాడ బిగుసుకుని ఉండదు, పేరులా మెత్తగా వంగుతుంది. ఒళ్లో పెట్టుకున్న పూసల పేరు ఎత్తినట్టు వేరుతో సహా ఎత్తుకుని, సముద్రందాకా మోసుకుపోవచ్చు. ఏదీ తెగదు. ఎవరూ చావరు.

పాపం, ఎంత మంచి ఉపాయం! చేతిలో బరమా ఉన్నవాళ్లకు లోకమంతా గవ్వలే.

మర్నాడు తెల్లారగానే మొదలుపెట్టింది. తోటలో కలువలు పంతొమ్మిది. మర్యాద కోసం అందరికంటే పెద్దదానితో మొదలుపెట్టింది. గీత గీసేది, చిల్లు పొడిచేది, గీత గీసేది, చిల్లు పొడిచేది. నీళ్లలో నిలబడి నిలబడి కాళ్లు నానిపోయాయి. దారం కావాలంటే ఆమెకు పేనడం వచ్చిన దారం ఒక్కటే, అయిదు పోగులది. ఆ దారాన్ని అటూ ఇటూ లాగి గుచ్చుతుంటే మెత్తటి కాడ లోపల ఒరుసుకుని, గుండ్రటి చిల్లు అయిదు మూలల చుక్కలా అరిగింది.

పని చేస్తూ కబుర్లు చెప్పేది. పోలయ్యకు అడుగంటిన గంజి ఇష్టమని, కావాలనే అడుగంటించేదాన్నని చెప్పింది. పడవెక్కేముందు అతను వెనక్కి చూడడని, చూస్తే దిగాలనిపిస్తుందని అనేవాడని చెప్పింది. కలువలు వినేవి. వినడం తప్ప వాటికి మాత్రం ఏం పనుంది?

నడుములోతు నీళ్లు మోకాలిలోతైనాయి. మోకాలిలోతు చీలమండకు దిగింది. పంతొమ్మిదో కాడకు ఆఖరి చిల్లు పొడిచేనాటికి సముద్రం దూరాన తెల్లటి గీతలా మిగిలింది.

కాసులమ్మ పెద్ద కలువ దగ్గరకు పోయి, రెండు చేతులా కాడ పట్టుకుని, మెల్లగా పైకి లాగింది. కాడ వంగింది. ఎంత చక్కగా వంగిందో! కానీ వేరు కదల్లేదు. ఇంకాస్త లాగింది. లాగినకొద్దీ వేరు రాయిని గట్టిగా పట్టుకుంది. భయపడినవాళ్లు చేసేది అదే కదా, ఉన్నదాన్ని మరీ గట్టిగా పట్టుకుంటారు. రెండోదాన్ని లాగింది. మూడోదాన్ని లాగింది. ఒక్కటీ రాలేదు.

పెద్ద కలువ చేతులు అప్పటికే ఎండి బిరుసెక్కాయి. దానికి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

“నీకు చేతనైనదంతా చేశావు కాసులమ్మా,” అంది. “మేమడిగింది తప్ప.”

ఆ తర్వాత అది మాట్లాడలేదు. మధ్యాహ్నానికి చేతులన్నీ లోపలికి ముడుచుకుంది. మరి రెండు రోజుల్లో ఒకదాని తర్వాత ఒకటి ఇంకో పదిహేడు కలువలు అలాగే ముడుచుకున్నాయి. కాసులమ్మ బురదలో చతికిలబడి ఏడ్చింది. గంపెడు పని చేసి, గంపెడు చావు చూసింది. చేతిలో బరమాను చూస్తే అసహ్యమేసింది.

అప్పుడు ఎవరో చిన్నగా పిలిచారు.

తోట చివర, ఒక రాతిగుంటలో, అరచేతి లోతు నీళ్లు మిగిలాయి. అందులో బొటనవేలంత కలువపిల్ల ఉంది. పంతొమ్మిదోది అదే. అమ్మ చేతులెందుకు ముడుచుకుందని అడిగింది. నిద్రపోతోందని కాసులమ్మ అబద్ధం చెప్పింది. అది నమ్మినట్టు లేదు.

“నీ మొగుడొస్తాడా?” అనడిగింది.

“తెలవదమ్మా.”

“ఆయనొచ్చేదాకా నేను కూడా ఇక్కడే ఉండాలా?”

కాసులమ్మ గుంట అంచున కూర్చుంది. తను ఎదురు చూస్తోంది సరే. అది తన మొగుడు, తన మెడ, తన దారం. ఈ బొటనవేలంత ప్రాణికి పోలయ్య ఏమవుతాడు? పద్దెనిమిదింటికి ఏమయ్యాడు? గుంటలో నీళ్లు ఎండకు తగ్గుతున్నాయి. రేపు ఈపాటికి చాలవు.

మెడలో దారం పట్టుకుంది. ముడి ఆమె విప్పకూడదు, విప్పాల్సినవాడు లేడు. చేతులతో లాగింది. అయిదు పోగుల దారం, తను పేనిందే, తెగుతుందా? కత్తి తెద్దామంటే దారం ఉండగా కత్తి ముట్టకూడదాయె. ఆఖరికి దారాన్ని నోట్లో పెట్టుకుంది. మొగుడి పేరు పెట్టి పిలవని ఊరు వాళ్లది. ఆ రోజు ఆమె పిలిచింది.

“పోలయ్యా, బతికుంటే నన్ను తిట్టుకో. సచ్చిపోయుంటే నన్నొదిలెయ్యి.”

పళ్లతో కొరికింది. పోగు పోగూ తెగింది. ఇంటి పోగు ఏదో, దిక్కు పోగు ఏదో నోటికి తెలియదు కదా. పూసలన్నీ జలజలా బురదలో పడ్డాయి. ఒక్కటీ ఏరుకోలేదు. గుడిసెకు పరుగెత్తి, పొయ్యి వెనక తుప్పు పట్టిన కత్తి తీసుకొచ్చి, కలువపిల్ల తల కింద ఒక్క కోత కోసింది. రెప్పపాటులో అయిపోయింది. ఇన్నాళ్లూ కలువలు అడిగిన పని రెప్పపాటుది.

గంజి ముంతలో గుంట నీళ్లు పోసి, కలువపిల్లను అందులో పెట్టుకుని సముద్రం వైపు నడిచింది. పొద్దు నెత్తిమీదికి వచ్చి, మళ్లీ వాలేవరకు నడిచింది. నీళ్లలో వదిలాక కలువపిల్ల కాసేపు అడుగుకు జారింది. తర్వాత అయిదు చేతులు కిందికి కొట్టి, అయిదు చేతులు పైకెత్తింది. మళ్లీ ఇవి దించి, అవి ఎత్తింది. అలా తడబడుతూ లోతుకు పోయింది. వెనక్కి చూడలేదు. సముద్రం మామూలుగా వాగుతూనే ఉంది.

పేటవాళ్లు కొత్త ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు. కాసులమ్మ వస్తుంటే బంగారమ్మ గుమ్మంలో నిలబడి ముందు ముఖం చూడలేదు, మెడ చూసింది. బోసి మెడ. ముసలిది ఏడవలేదు, అరవలేదు. లోపలికి పోయి గంజి తెచ్చి పెట్టింది. ఆ రోజునుంచి రోజూ కూడు పెట్టింది గాని మాట పెట్టలేదు. కొడుకును చంపిన కోడలని పేటంతా గుసగుసలాడింది. కాసులమ్మ కాదనలేదు. చంపానో లేదో తనకే తెలియనప్పుడు ఏమని కాదంటుంది?

ఏటా తొలకరి వానలు పడ్డాక ఆమె పాత ఒడ్డుకు పోయేది. అక్కడ బురద ఎండి, ఏళ్లు గడిచి రాయైంది. వాన కడిగినచోట రాతిలోంచి పూసలు బయటపడేవి. కలువల కాడలు ఆమె గీసిన గీతల దగ్గర విడిపోయి పూసలు పూసలుగా రాలాయి, అవే. వాటిని ఏరి, కడిగి, బండమీద వరసగా పేర్చేది. లావుపాటివి కింద, సన్నవి పైన. అలా పేరిస్తే ఏ కాడ ఎంత పొడుగుండేదో తెలిసేది. ఇది పెద్దది, ఇది వంకరది, ఇది నవ్వినట్టుండేది అని గుర్తుపట్టేది. తలలు మాత్రం దొరికేవి కావు. ఆ సన్నటి చేతులు గాలికీ వానకీ ఎప్పుడో చెదిరిపోయాయి. గట్టు విరిగి ఒక్కసారిగా మట్టి కప్పేసినచోట ఒకే ఒక్కటి దొరికింది, చేతులు ముడుచుకుని, నిన్న నిద్రపోయినట్టు. దాన్ని ఆమె కదపలేదు. మళ్లీ మట్టి కప్పేసింది.

ఏడో ఏడు బంగారమ్మ ఆమె వెంట నడిచింది. రమ్మని ఆమె అనలేదు, వస్తానని ముసలిది అనలేదు. కొండ మొదటికి వచ్చేసరికి ముసలిదాని ఊపిరి ఆగిపోయేట్టుంది. బండమీద కూర్చుని చెయ్యి చాచింది. కాసులమ్మ ఆ చేతిలో ఒక పూస పెట్టింది. బంగారమ్మకు చూపు ఆనదు. గోటితో చిల్లు తడిమింది. ఒక మూల, రెండు మూలలు, అయిదు.

“ఐదు పోగులు,” అంది. ఏడేళ్లకు ఆమె కోడలితో అన్న మొదటి మాట అది. చిల్లు మళ్లీ తడిమి, “ఇన్నిట్లో ఏది బతికినాది?” అనడిగింది.

“సిన్నది అత్తా. బొటనేలంత.”

“ఇప్పుడున్నాదా?”

“తెలవదు. నాను వదిలీసినాను. అంతే.”

ముసలిది పూసను చాలాసేపు పిడికిట్లో పెట్టుకుంది.

“నా కొడుకు రాడని నాకెప్పుడో తెలుసే,” అంది. “పడవ ఎల్లిన పదో రోజుకే తెలుసు. నాను కట్టుకోలేక నీ మెడకి కట్టుంచినాను.”

పదో రోజుకే ఆ మాట అనుంటే పంతొమ్మిది కలువలూ బతికేవి. ఇద్దరూ పొద్దువాలేదాకా పూసలు పేర్చారు. పద్దెనిమిది వరసలు పూర్తయ్యాయి, ఆ రోజు ఒక్క తలా దొరకలేదు.

అప్పటినుంచే కడలి కలువ కాడ పూసలు పూసలుగా, నడుమ చిల్లుతో పుడుతోంది. చాలావాటి చిల్లు అయిదు మూలల చుక్కలా ఉంటుంది. చచ్చిపోగానే ఆ కాడ పూస పూసగా విడిపోతుంది. అందుకే కొండరాళ్లలో పూసలు గుప్పెళ్లకొద్దీ దొరుకుతాయి, తల దొరకడం మాత్రం కష్టం. ఆ కలువపిల్ల సంతానంలో కొన్ని కాడమీదే ఉండిపోయాయి గాని ఒడ్డును నమ్మడం మానేశాయి. సముద్రం ఎంత వెనక్కి జరిగినా ఎండని లోతుకు, వెలుగే రాని చీకట్లోకి పోయి నిలబడ్డాయి. మిగిలినవి పుట్టిన కొన్నాళ్లు రాయిని పట్టుకుని ఉంటాయి. ఆ తర్వాత ఒకరోజు, ఎవరినీ కత్తి అడగకుండా, తమ కాడను తామే తెంపుకుని వెళ్లిపోతాయి.